అల్యూమినియం కోతకు ఒక చరిత్ర

బల్ల మీద పట్టేంత చిన్న సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటరు అందించే అంకెల ప్రకారం మూడు దిశల్లో కదులుతూ, గిరగిర తిరిగే కట్టర్‌తో పలకలను కోసే యంత్రం, చెక్కను కోసినంత తేలికగా అల్యూమినియాన్ని కోయదు. అంచులు గరుకుగా వస్తాయి, కట్టర్ పళ్ళకు లోహం అతుక్కుంటుంది, పని నడుస్తుండగానే కీచుమన్న శబ్దం మొదలై బిట్ విరిగిపోతుంది. ఈ ఇబ్బందినంతా యంత్రం చవకదనానికి అంటగట్టి ఊరుకోవడం రివాజు. అయితే అంకెల ఆదేశంతో లోహాన్ని కోసే విద్య పుట్టిందే అల్యూమినియం కోసమని గుర్తు చేసుకుంటే, ఏ పని కోసం పుట్టిందో ఆ పనిలోనే ఈ యంత్రం ఎందుకు తడబడుతోందన్నది చరిత్ర జవాబు చెప్పవలసిన ప్రశ్న అవుతుంది. పెద్ద కర్మాగారం నుంచి ఇంటి బల్ల మీదికి దిగివచ్చే దారిలో ఆ యంత్రం మెట్టు మెట్టుకూ తన బరువును వదులుకుంటూ వచ్చింది. వదులుకున్న బరువుకు బదులుగా పనివాడి వైపు నుంచి అంతకంతకూ ఎక్కువ తెలివిడి చేరవలసి వచ్చింది.

ఆ దారిని ఒక సీమ వైపు నుంచి చూద్దాం. గోదావరి మధ్య డెల్టా, అంటే గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఒండ్రు మట్టి పేరుకొని ఏర్పడిన కోనసీమ, లోహపు పనికి సహజంగా అనువైన నేల కాదు. ఇక్కడ కొండ లేదు, ఖనిజం లేదు. ఇనుము గానీ రాగి గానీ ఏరు దాటి రావలసిందే. అందుచేత ఈ సీమ చేతిపనుల్లో చెక్కదే పైచేయి అయింది. తాడి దూలాలు, టేకు ద్వారబంధాలు, నావలు, నాగళ్ళు వడ్రంగి చేతిలో తయారయ్యేవి. బాడిస, ఉలి, చిత్రిక, తురపనం అతని పనిముట్లు. కమ్మరి కొలిమి ఆ పనిముట్లకు పదును పెట్టడానికీ, కొడవళ్ళు, గడ్డపారలు సాగగొట్టడానికీ పరిమితమైంది. కంచరి ఇత్తడినీ కంచునూ కరిగించి పోసేవాడు, రేకును సుత్తితో కొట్టి పాత్రగా మలిచేవాడు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ పనులన్నింటిలో లోహాన్ని వేడి చేయడం, పోయడం, కొట్టడం ప్రధానం. చల్లగా ఉన్న లోహం నుంచి పదునైన పనిముట్టుతో పొర తరువాత పొర తీసి కొలతకు తేవడం, అంటే ఆధునిక పరిభాషలో మెషినింగ్, దాదాపు లేనట్టే. ఆకురాయితో అంచు సరిచేయడమే అప్పటి కోత.

ఆ కొత్త విద్య డెల్టాకు నీటిపారుదల పనులతో వచ్చింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ కట్టించినప్పుడు, దానికి అనుబంధంగా అక్కడే ప్రభుత్వ వర్క్‌షాపులు వెలిశాయి. కాలువల లాకులకు, తూములకు కావలసిన ఇనుప సామగ్రిని తయారు చేయడం, మరమ్మతు చేయడం అక్కడి పని. వైనతేయ పాయ మీదుగా నగరం లంకకు నీరు తీసుకుపోయిన గన్నవరం అక్విడక్టు 49 కమానులతో ఇటుక, సున్నంతో నిలిచింది గానీ, నీటిని ఆపి వదిలే తలుపులు, మరలు, గొలుసులు లోహపు పనే. లేతు, అంటే పనిముక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం, ఈ సీమ పనివాళ్ళ కంట పడడానికి ఇటువంటి కార్యశాలలే దారి చేశాయి. కాలువ కట్టడాన్ని గురించి పుటలకు పుటలు రాసిన చరిత్రకారులు ఆ వర్క్‌షాపుల పనివాళ్ళను రెండు వాక్యాలతో దాటిపోవడం అన్యాయం. డెల్టా యంత్ర విద్యకు వాళ్ళే మొదటి తరం.

ఇదంతా ఇనుము కథ. అల్యూమినియం అప్పటికి ఇంకా విడ్డూరపు లోహమే. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొనకు చిన్న అల్యూమినియం శిఖరాన్ని అమర్చినప్పుడు, అది విలువైన లోహాల వరసలో ఉండేది. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరికొకరు తెలియకుండానే, కరిగిన క్రయోలైట్‌లో అల్యూమినాను కలిపి విద్యుత్తుతో విడగొట్టే పద్ధతిని కనుగొన్నాక ధర కూలిపోయింది. ఒక తరం గడవకుండానే అది మద్రాసు వంటింటికి చేరింది. చెన్నపట్నంలో ఇంజనీరింగ్ ఆచార్యుడిగా ఉన్న ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్, 1898 ప్రాంతంలో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో దేశీ పనివాళ్ళ చేత అల్యూమినియం పాత్రలు చేయించే ప్రయోగం మొదలుపెట్టాడు. రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూయించుకోలేని పేద కుటుంబాలకు చవక పాత్ర అందించాలన్నది, అదే సమయంలో చితికిపోతున్న కంచరులకు కొత్త పని చూపాలన్నది ఆయన ఉద్దేశం. 1903లో ఆ పని ఇండియన్ అల్యూమినియం కంపెనీ చేతికి వెళ్ళింది. గోదావరి జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం కాబట్టి, ఈ మార్పు డెల్టాను తాకకుండా పోలేదు. కాలక్రమంలో రాజమండ్రి అల్యూమినియం పాత్రల తయారీకి పేరుపడింది. అక్కడి సత్తు గిన్నెలు, డేగిసాలు పడవల మీద, తరువాత లారీల మీద కోనసీమ సంతలకు వచ్చి, మట్టి కుండను వంటింటి మూలకు నెట్టాయి.

ఆ పాత్ర ఎలా తయారవుతుందో దగ్గరగా చూస్తే తరువాతి కథ సగం అర్థమవుతుంది. గుండ్రంగా కత్తిరించిన రేకును, వ్యాపారంలో సర్కిల్ అనే దాన్ని, లేతు మీద చెక్క లేదా ఇనుప అచ్చుకు ఆనించి బిగిస్తారు. అది వేగంగా తిరుగుతుండగా పనివాడు పొడవాటి కర్రపిడి ఉన్న నున్నటి ఇనుప కడ్డీని చంకలో ఇరికించుకొని, ఒంటి బరువంతా దాని మీద మోపి, రేకును అచ్చు వైపు ఒత్తుకుంటూ పోతాడు. కడ్డీకీ రేకుకూ మధ్య సబ్బో, కొవ్వో రాస్తాడు. రాయకపోతే రేకు కడ్డీకి అంటుకొని చిరుగుతుంది. ఒక్క తురుము కూడా రాలకుండా పలక గిన్నెగా మారుతుంది. దీన్ని స్పిన్నింగ్ అంటారు. ఇక్కడ వాడేది దాదాపు శుద్ధమైన, మెత్తని అల్యూమినియం. ఆ మెత్తదనమే పాత్రల పనివాడికి వరం. అదే మెత్తదనం కోత పనివాడికి శత్రువు అవుతుంది. లోహం విడిపోవడానికి బదులు సాగుతుంది, సాగినది పనిముట్టుకు అతుక్కుంటుంది. సబ్బు రాసిన ఆ పనివాడికి అల్యూమినియం స్వభావంలోని ముఖ్య సూత్రం తెలుసు. అదే సూత్రాన్ని యంత్రశాస్త్రం గ్రంథస్థం చేయడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

లోహం గట్టిపడడం మరో మలుపు. 1906లో జర్మన్ లోహశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ విల్మ్, కొద్దిపాటి రాగి, మెగ్నీషియం కలిసిన అల్యూమినియాన్ని కాల్చి నీళ్ళలో ముంచి కొన్ని రోజులు అలా వదిలేస్తే దానంతట అదే గట్టిపడుతుందని కనిపెట్టాడు. డ్యూరాలుమిన్ పేరుతో వచ్చిన ఆ మిశ్రమలోహం విమానాలకు ఎముక అయింది. గట్టిపడిన అల్యూమినియం సాగకుండా తెగుతుంది, తురుము ముక్కలుగా రాలుతుంది; కాబట్టి దాన్ని చెక్కలా వేగంగా కోయవచ్చునన్న ఆలోచన పుట్టింది. జర్మనీలోనే కార్ల్ సాలమన్ 1920లలో అల్యూమినియాన్ని మునుపెన్నడూ ఎరగని వేగాలతో కోసి చూసి, ఒక హద్దు దాటాక వేగం పెరిగేకొద్దీ కోత దగ్గర వేడి తగ్గుతుందని చెబుతూ 1931లో పేటెంటు పొందాడు. ఆయన గీసిన వక్రరేఖను తరువాతి పరిశోధకులు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, అల్యూమినియాన్ని భయపడుతూ నెమ్మదిగా కాక ధైర్యంగా వేగంగా కోయాలన్న దృష్టి నిలిచింది. ఆ వేగాన్ని తట్టుకొనే పనిముట్టు కూడా 1920లలోనే వచ్చింది: టంగ్‌స్టన్ కార్బైడ్‌ను క్రుప్ కంపెనీ విడియా పేరుతో అమ్మింది, మన వర్క్‌షాపుల్లో కార్బైడ్ బిట్‌ను ఇప్పటికీ విడియా అనే పిలుస్తారు. రెండో ప్రపంచయుద్ధం నాటికి, వడ్రంగుల కోసం పుట్టిన రౌటర్ యంత్రాలు విమాన కర్మాగారాల్లో అల్యూమినియం రేకులను దొంతరలుగా పేర్చి ఒకేసారి కోయడం సాధారణమైంది. చెక్క పని యంత్రం అల్యూమినియం పనికి రావడం ఇంటి వర్క్‌షాపుల వింత ఆలోచన కాదనీ, దానికి ఎనభయ్యేళ్ళ పూర్వచరిత్ర ఉందనీ దీనివల్ల తేలుతుంది.

యుద్ధం ముగిశాక విమానపు రెక్కల రూపకల్పన మారింది. పైరేకును, దానికి బలమిచ్చే పక్కెముకలను విడివిడిగా చేసి రివెట్లు కొట్టడానికి బదులు, మందపాటి అల్యూమినియం దిమ్మ నుంచి రెండింటినీ ఒకే ముక్కగా చెక్కాలని ఇంజనీర్లు కోరుకున్నారు. అంత పెద్ద వంపు తిరిగిన ఉపరితలాన్ని చేతితో చక్రం తిప్పుతూ కోయడం మానవసాధ్యం కాదు. మిషిగన్ రాష్ట్రంలో హెలికాప్టర్ రెక్కలు తయారుచేసే జాన్ పార్సన్స్, ఉపరితలం మీది బిందువులను అంకెలుగా లెక్కించి ఆ అంకెలనే యంత్రానికి ఇవ్వవచ్చునని ప్రతిపాదించి, 1949లో అమెరికా వైమానిక దళం నుంచి కాంట్రాక్టు పొందాడు. ఆ పనిలో తోడు పడిన ఎం.ఐ.టి. సర్వోమెకానిజమ్స్ లేబరేటరీ, సిన్సినాటి హైడ్రోటెల్ అనే భారీ మిల్లింగ్ యంత్రానికి 292 వాక్యూమ్ ట్యూబుల నియంత్రణ పెట్టెను జోడించి 1952 సెప్టెంబరులో ప్రదర్శించింది. అప్పట్లో దాని పేరు న్యూమరికల్ కంట్రోల్, అంటే సంఖ్యా నియంత్రణ. నియంత్రణ పెట్టె స్థానంలోకి కంప్యూటరు వచ్చాక సీఎన్‌సీ అయింది. ఈ యంత్రాలకు ఆదేశాలు రాసే ఏ.పి.టి. అనే భాషను ఎం.ఐ.టి.లో డగ్లస్ రాస్ బృందం తయారుచేసి 1959 ఫిబ్రవరిలో పత్రికలకు వెల్లడించినప్పుడు, వచ్చిన ప్రతి అతిథికీ ఆ పద్ధతిలోనే కోసిన ఒక అల్యూమినియం ఆష్‌ట్రే ఇచ్చి పంపారు. తమ విద్య ఏ లోహంతో పండిందో వాళ్ళకు బాగా తెలుసు.

భారతదేశానికి ఈ సంప్రదాయం మెషిన్ టూల్స్ కర్మాగారాల ద్వారా వచ్చింది. సికిందరాబాదులో 1943లో ప్రాగా టూల్స్, బెంగుళూరులో 1953లో స్విట్జర్లాండు సహకారంతో హెచ్‌.ఎం.టి., 1960లలో హైదరాబాదులో హెచ్‌.ఎం.టి. శాఖ, 1968లో బాలానగర్‌లో పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్రసంస్థ సి.ఐ.టి.డి. ఏర్పడ్డాయి. తెలుగునాట ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివిన కుర్రవాళ్ళు మిల్లింగ్, ఫిట్టింగ్ నేర్చుకొని బతుకుతెరువు వెతుక్కుంది ఇటువంటి చోట్లే. అక్కడి యంత్రాల దిమ్మలు పోత ఇనుముతో చేసినవి, టన్నుల బరువు ఉండేవి. కట్టర్ ఎదురుదెబ్బకు యంత్రం వణకకపోవడానికి ఆ బరువే కారణమని ఎవరూ విడిగా చెప్పుకోనక్కర లేకపోయింది, ఎందుకంటే బరువు లేని యంత్రాన్ని వాళ్ళు చూడనే లేదు.

బరువు లేని యంత్రం 1990ల తరువాత వచ్చింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌.ఐ.ఎస్‌.టి. తన నియంత్రణ ప్రోగ్రామును అందరికీ ఉచితంగా వదిలింది; అదే తరువాత లినక్స్ సీఎన్‌సీగా ఎదిగింది. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యునో అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద నడిచేలా, నార్వేకు చెందిన సీమెన్ స్కోగ్స్‌రుడ్ 2009లో జి.ఆర్‌.బి.ఎల్. అనే నియంత్రణ ప్రోగ్రామును రాశాడు. ఒకప్పుడు గది నిండా ట్యూబులు చేసిన పని అరచేతిలో ఇమిడే బోర్డుకు దిగివచ్చింది. 2011లో షేపోకో అనే బల్ల మీది యంత్రం వచ్చింది. ఆ వెనక, 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు కోయగలదు కాబట్టి 3018 అని పేరుపడిన చైనా యంత్రాలు ప్రపంచమంతా పరుచుకున్నాయి. వీటి చట్రం బోలు అల్యూమినియం సెక్షన్లతో, కదలిక ప్లాస్టిక్ చక్రాలతో లేదా సన్నని కడ్డీలతో నడుస్తుంది. మెదడు చవకైంది గానీ ఒళ్ళు చవక కాలేదు. పోత ఇనుప దిమ్మ బరువు వీటికి రాలేదు.

ఇప్పుడు కోస్తా పట్టణాల్లో సీఎన్‌సీ రౌటర్ తలుపుల మీది లతలను, దేవుడి గదుల జాలీలను చెక్కుతోంది. వడ్రంగి ఉలి పని చాలావరకు దాని పాలైంది. దుకాణాల బోర్డులకు వాడే అల్యూమినియం పొర అంటించిన ప్లాస్టిక్ పలకలను కూడా అదే కోస్తుంది. చెక్క కోసి అలవాటైన చెయ్యి గట్టి అల్యూమినియం పలక వైపు తిరిగినప్పుడే పాత చరిత్ర ఎదురుపడుతుంది.

ఆ కోత లోపల జరిగేది ఇది. ఆరు మిల్లీమీటర్ల మందమున్న ఒక పన్ను కట్టర్, అంటే సింగిల్ ఫ్లూట్ బిట్, నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతూ 720 మిల్లీమీటర్లు ముందుకు జరిగితే, ఒక్కొక్క చుట్టులో పన్ను తీసే తురుము మందం 0.04 మిల్లీమీటరు; మనిషి తల వెంట్రుక కన్నా పలచన. అదే వేగంతో మూడు పళ్ళ కట్టర్ పెడితే ఒక్కో పన్నుకు దక్కేది 0.013 మిల్లీమీటరు మాత్రమే. ఎంత పదునైన పన్ను అంచుకైనా సూక్ష్మంగా చూస్తే కొంత గుండ్రదనం ఉంటుంది. తురుము మందం ఆ గుండ్రదనానికి దగ్గరపడిన కొద్దీ పన్ను కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దితే వేడి పుడుతుంది, వేడికి మెత్తబడిన అల్యూమినియం పాకం గరిటెకు పట్టినట్టు పన్నుకు పడుతుంది, పట్టిన లోహం కొత్త మొద్దు అంచుగా మారి పలకను చీరుతుంది. నెమ్మదిగా పోతే మంచి కోత వస్తుందన్న వడ్రంగి నమ్మకం అల్యూమినియం దగ్గర తిరగబడేది ఇక్కడే. చిన్న యంత్రం తోయగల బలం పరిమితం కాబట్టి, పళ్ళు తగ్గించి, లోతు అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంచి, ముందుకు నడిచే వేగాన్ని మాత్రం తగ్గించకుండా ఉండడమే దీనికి కుదిరే మార్గం.

రెండో సంగతి వణుకు. కట్టర్ పన్ను ఒకసారి తగిలి వెళ్ళాక పలక మీద మిగిల్చిన అల, మరుసటి పన్ను తగిలేటప్పుడు దాన్ని మళ్ళీ ఊపుతుంది. ఆ ఊపు మరింత పెద్ద అలను మిగులుస్తుంది. 1950లలో చెక్ దేశీయుడు యిర్షి ట్లూస్టీ, ఇంగ్లండులో స్టీఫెన్ టోబియాస్ విడివిడిగా సిద్ధాంతీకరించిన ఈ కంపనాన్నే వర్క్‌షాపుల్లో చాటరింగ్ అంటారు. దీనికి మందు దృఢత్వం. కట్టర్ పట్టు నుంచి బయటికి ఉన్న పొడవు రెట్టింపైతే అది వంగడం ఎనిమిది రెట్లవుతుంది. మందం సగమైతే పదహారు రెట్లవుతుంది. కాబట్టి బిట్‌ను కోలెట్‌లోకి, అంటే దాన్ని పట్టి ఉంచే బిగింపులోకి, ఎంత వీలైతే అంత లోపలికి దించి బిగించడం, మూడు మిల్లీమీటర్ల బిట్ బదులు ఆరు మిల్లీమీటర్లది వాడడం, పైసా ఖర్చు లేకుండా యంత్రానికి బరువు చేర్చినంత పని. కొందరు బోలు సెక్షన్లలో ఎపాక్సీ కలిపిన ఇసుక పోసి నిజంగానే బరువు చేర్చుతారు. ఖనిజ పోత దిమ్మలను పెద్ద కంపెనీలు వాడడం వెనకా ఇదే తర్కం ఉంది.

కట్టర్ తిరిగే దిశ మూడోది. పన్ను తురుమును మందంగా మొదలుపెట్టి పలచగా ముగించే దిశలో, అంటే క్లైంబ్ మిల్లింగ్‌లో, అంచు నున్నగా వస్తుంది. కానీ మరలో ప్లే ఉంటే, అంటే మరకూ నట్టుకూ మధ్య వదులు ఉంటే, కట్టర్ పనిముక్కను తనవైపు లాక్కొని బిట్ విరుస్తుంది. పాత మిల్లింగ్ యంత్రాల మీద ఆ దిశను నిషేధించింది ఇందుకే, తరువాత వదులును తీసే ఏర్పాట్లు వచ్చాకే అనుమతించింది కూడా ఇందుకే. చిన్న రౌటర్ మీద ఎదురు దిశలో ముతక కోత కోసి, అంచున 0.1 నుంచి 0.15 మిల్లీమీటరు మిగిల్చి, ఆ మిగిలిన పలచని పొరను ఒకే విడతలో క్లైంబ్ దిశలో తీసేయడం ఈ రెండు యుగాల నియమాలనూ కలిపిన పద్ధతి. గాడి మొత్తం ఒకేసారి తవ్వకుండా చిన్న చిన్న చుట్లుగా తిరుగుతూ కోసే దారులు ఖరీదైన ప్రోగ్రాముల్లోనే ఉండేవి. 2012లో ఆటోడెస్క్ కంపెనీ, అటువంటి దారులు గీసే ప్రోగ్రాము అయిన హెచ్‌.ఎస్‌.ఎం.వర్క్స్‌ను కొని, ఆ విద్యను అభిరుచిగా పనిచేసేవాళ్ళకు ఉచితంగా దొరికే ఫ్యూజన్ 360లో చేర్చాక బల్ల మీది యంత్రానికీ అందాయి.

ఇక తడి. అల్యూమినియం పనిలో కిరసనాయిలు వాడడం మన లేతు వర్క్‌షాపుల పాత అలవాటు. గిన్నె పనివాడి సబ్బుకు అది వారసురాలు. రెండు చుక్కలు చాలు, లోహం పన్నుకు అంటదు. అయితే వేడి తురుము మధ్య అది మంటకు దగ్గరి బంధువు కాబట్టి, మూసిన గదిలో దాని బదులు నీళ్ళలో కలిపే కూలెంటును పలచని జల్లుగా వాడడం మేలు. తడి కన్నా ముఖ్యం గాలి. గాడిలో నిలిచిన తురుమును కట్టర్ మళ్ళీ కోస్తే అదే అంచును పాడుచేస్తుంది. చిన్న కంప్రెసరుతో ఎడతెగకుండా గాలి ఊదితే సగం చిక్కులు పోతాయి. కట్టర్ పూతను ఎంచుకోవడంలో కూడా చాలామంది డబ్బు వృథా చేస్తున్నారు: ఉక్కు కోసం తయారైన, తనలోనే అల్యూమినియం ఉన్న ముదురు రంగు టైటానియం పూతకు పలక లోహం ఇంకా సులువుగా పట్టుకుంటుంది, పూత లేని, అద్దంలా మెరిసే కార్బైడ్ చవకైనదీ మెరుగైనదీ.

కోనసీమ గాలిలోని తేమ ఒక విడి లెక్క అడుగుతుంది. యంత్రపు బల్ల మీద పలక కింద పరిచే ఎం.డి.ఎఫ్. అట్ట తేమ పీల్చి ఉబ్బుతుంది. చెక్క పనిలో ఆ ఉబ్బు కనపడదు, అర మిల్లీమీటరు లోతుతో నడిచే అల్యూమినియం కోతలో అదే లోతు ఒక మూల రెట్టింపు అవుతుంది. వానాకాలంలో పెద్ద పనికి ముందు అట్ట పైపొరను అదే యంత్రంతో చదునుచేసుకోవడం, అట్టకు వార్నిష్ పట్టించడం ఇక్కడి వాళ్ళు మానకూడని జాగ్రత్తలు. అల్యూమినియం కూడా వేడికి కదిలే లోహమే. మీటరు పొడవు ముక్క పది డిగ్రీల తేడాకు 0.23 మిల్లీమీటరు పెరుగుతుంది కాబట్టి, కోత ముగిసిన వెంటనే కాక ముక్క చల్లారాక కొలవాలి.

చివరగా లోహం ఎంపిక. గిన్నెల రేకు వంటి మెత్తని శుద్ధ అల్యూమినియం రౌటర్‌కు అన్నిటికన్నా కష్టం. కిటికీలు, షట్టర్లు చేసే దుకాణాల్లో ముక్కలుగా మిగిలే సెక్షన్లు సాధారణంగా 6063 రకానివి, సాధనకు పనికొస్తాయి. విల్మ్ కనిపెట్టిన సూత్రంతో గట్టిపరిచిన 6061 టి6 పలక వీటికన్నా స్వచ్ఛంగా తెగుతుంది. నేర్చుకొనేవాడు దొరికిన ముక్కతో మొదలుపెట్టి, అంచు బాగా రాకపోతే తప్పంతా యంత్రం మీద వేసేముందు, ఒక్క 6061 పలక కొని అదే కోతను అదే అంకెలతో మళ్ళీ కోసి చూడాలి.